గ్రీకులో మన కుప్పమ్మ

పాపకు పేరు చెప్పండి అని ఈ కాలమ్‌కి వచ్చే మెసేజ్‌లు దాదాపు అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. యూనిక్‌గా ఉండాలి. మూడు అక్షరాలు దాటకూడదు. రేపు అమెరికా పోయినా అక్కడివాళ్లకు నోరు తిరగాలి. మీనింగ్ బాగుండాలి. ఈ మధ్య దీనికి ఇంకో తోక తగులుకుంది: గ్రీకు పేరైతే ఇంకా మంచిది.

తిరుపతి కొర్లగుంటలోనో, చిత్తూరు గ్రీమ్స్‌పేటలోనో పుట్టిన బిడ్డకు గ్రీకు పేరు దేనికబ్బా అని ఇంట్లో పెద్దోళ్లు గొణుగుతుంటారు. గొణగనివ్వండి. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు. పేర్లు ఏ కాలంలోనూ సరిహద్దు చూసుకుని నడవలేదు. నా పేచీ అంతా ఆ 'మీనింగ్' అనే మాట దగ్గరే.

అసలు గ్రీకు మన ఇంటికి కొత్త చుట్టమేమీ కాదు. బిడ్డ పుట్టగానే ఏం చేస్తాం? టైం రాసుకుని అయ్యవారి దగ్గరికి పరిగెత్తుతాం. ఆయన నక్షత్రం, పాదం చూసి అక్షరం చెబుతాడు. అశ్విని అయితే చూ, చే, చో, లా. నాలుగో పాదమైతే అదృష్టమే, లావణ్యో లాస్యో పెట్టేసి బయటపడతాం. ఆరుద్ర మూడో పాదంలో పుట్టిందనుకోండి, 'ఙ' అంటాడు. ఆ అక్షరంతో పేరు వెతకడం తర్వాత సంగతి, ముందు ఫోన్ కీబోర్డులో అది ఎక్కడుందో వెతుక్కోవాలి. సరే, ఆయన చక్రం వేస్తూ మధ్యమధ్యలో హోర అంటాడు, కేంద్రం అంటాడు, విన్నారా? ఆ రెండూ గ్రీకు మాటలే. హోర అంటే వాళ్ల భాషలో కాలం, గడియ. ఇంగ్లిష్ అవర్ కూడా ఆ తల్లి బిడ్డే. కెంత్రాన్ అంటే మొన, వృత్తం గీసేటప్పుడు కంపాస్ సూది గుచ్చే చోటు. గ్రీకుల జ్యోతిషం సంస్కృతంలోకి వచ్చినప్పుడు ఈ మాటలు కూడా వెంట వచ్చేశాయి. యవనజాతకం అని ఒక గ్రంథమే ఉంది. యవనులంటే గ్రీకులు. కాబట్టి లావణ్య అనే పేరు వెనక కూడా రవ్వంత గ్రీకు ఉన్నట్టే లెక్క.

ఇప్పుడు మీనింగ్ సంగతి. రియా అని సెర్చ్‌లో కొట్టి చూడండి. ఒక చోట పాట పాడేది అని ఉంటుంది, ఇంకో చోట ప్రవహించేది అని ఉంటుంది. గ్రీకు పురాణంలో రియా ఒక తల్లి, దేవతల రాజు జ్యూస్‌ను కన్న తల్లి. ఆ పేరుకు అసలు అర్థమేమిటో పండితులకే తేలలేదు. కానీ ఆమె కథ మాత్రం మనం ఎక్కడో విన్నట్టే ఉంటుంది. మొగుడు క్రోనోస్‌కి కడుపున పుట్టిన బిడ్డ చేతిలోనే తన రాజ్యం పోతుందని భయం. పుట్టిన బిడ్డను పుట్టినట్టే మింగేస్తుంటాడు. ఆఖరి బిడ్డ పుట్టినప్పుడు రియా ఒక రాయిని పొత్తిగుడ్డల్లో చుట్టి అతని చేతిలో పెట్టింది. అదే బిడ్డ అనుకుని మింగేశాడు. అసలు బిడ్డ దూరంగా ఒక గుహలో పెరిగాడు. మన దేవకీ, కంసుడూ, రేపల్లె గుర్తొస్తున్నారు కదూ. ఆ రాయిని కాస్త గుర్తుపెట్టుకోండి, దాంతో మనకు పని ఉంది.

మైరా సంగతి ఇంకా సరదా. మన అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ప్రతి ఫ్లోర్‌కీ ఒక మైరా ఉంది. ఇది సుమారు 400 ఏళ్ల కిందట ఫుల్క్ గ్రెవిల్ అనే ఇంగ్లిష్ కవి తన పద్యాల్లో ప్రియురాలి కోసం కట్టుకున్న పేరు. గ్రీకులో బోళం అనే సుగంధద్రవ్యం పేరుకు దగ్గరగా ఉందని కొందరంటారు. సైట్లలో మాత్రం ప్రియమైనది, మెచ్చదగినది, ఒక్కోచోట ఏకంగా సంస్కృతం అని కూడా రాసి ఉంటుంది. కవి కట్టిన పేరు, వినడానికి బాగుంది, హాయిగా పెట్టుకోండి. కానీ దానికి వేదంలో చోటు వెతకొద్దు. ఒక చిన్న చిట్కా: ఏ సైట్ అయినా ఈ పేరు ఫలానా భాషలో ఫలానా మాట నుంచి వచ్చింది అని చెప్పకుండా నేరుగా 'అందమైనది', 'దేవుడి వరం' అని రాసిందంటే, అది ఊరికే నింపిన గడి అనుకోండి.

అర్థం ఖాయంగా తెలిసిన గ్రీకు పేర్లు కూడా బోలెడున్నాయి. వాటిని ఒక్కొక్కటీ తెలుగులోకి తిప్పి చూస్తుంటే నాకు నవ్వాగలేదు. అన్నీ మన బడి అటెండెన్స్ రిజిస్టర్‌లో ఉన్న పేర్లే.

క్లోయీ అంటే లేత పచ్చటి మొలక. పంటల దేవత డిమీటర్‌ను ఆ పేరుతో కొలిచేవాళ్లు. విత్తిన చెనిక్కాయ తొలి వానకు మట్టి పగలదీసుకుని తలెత్తుతుందే, ఆ పచ్చదనం. మన పల్లవి అన్నమాట. ఫీబీ అంటే వెలిగేది, ప్రభ. ఐరీన్ అంటే శాంతి, ఇంకేం చెప్పక్కర్లేదు. సోఫియా అంటే జ్ఞానం, మన ప్రజ్ఞ. 2017లో సౌదీ అరేబియా పౌరసత్వం ఇచ్చిన రోబోకు కూడా ఆ పేరే పెట్టారు. మీ ఇంట్లో పాటలు పెట్టే అలెక్సా పేరు అలెగ్జాండర్ వైపు నుంచి వచ్చింది. అందులో కాపాడడం అనే మాట ఉంది, అంటే రక్షిత. ఆంథియా అంటే పూలమ్మాయి, మన పుష్ప. అయితే ఆ పేరును సినిమాలో ఒక గడ్డం మనిషి చిత్తూరు యాసతో సహా పట్టుకుపోయాడు కాబట్టి, ఆడపిల్లలకు ఎప్పటికి తిరిగొస్తుందో చెప్పలేం.

మెలిస్సా అని పలికి చూడండి, ఎంత స్టైల్‌గా ఉంది! అర్థం తేనెటీగ. ఇప్పుడు భ్రమరాంబ అని పలికి చూడండి. భ్రమరం అంటే తుమ్మెద. శ్రీశైలంలో మల్లికార్జునుడి పక్కన ఉండే అమ్మవారు, తుమ్మెదల దండుతో అరుణాసురుడిని చంపించిన తల్లి. తేనెటీగ వేరు, తుమ్మెద వేరు అని బయాలజీ వాళ్లు పట్టుకోవచ్చు, ఆ కాస్త తేడా వదిలేద్దాం. ఇన్‌స్టాలో మెలిస్సా అని ఉంటే ఫాలో కొట్టే మనమే, క్లాసులో భ్రమరాంబ అని పిలిస్తే వెనక బెంచీలో కిసుక్కుమంటాం. ఇది నాకు ఎప్పటికీ అర్థం కాదు.

యునీస్ ఇంకొకటి. యు అంటే మంచి, నీకే అంటే గెలుపు. జయ, విజయ. మీ కాళ్లకున్న నైకీ షూ ఆ గెలుపు దేవత పేరే. అంటే యునీస్ అనే పేరులో ఒక షూ కంపెనీ దాక్కుని ఉంది. లిడియా అంటే లిడియా అనే నాడుకు చెందిన స్త్రీ. ఊరి పేరుతో ఆడపిల్లను పిలవడం మనకు మాత్రం కొత్తా? విదేహ ఆడబిడ్డ వైదేహి, మిథిల ఆడబిడ్డ మైథిలి, గాంధార ఆడబిడ్డ గాంధారి. బార్బరా అంటే పరాయి దేశపామె. మన భాష రానివాళ్ల మాట మన చెవికి బర్‌బర్‌మని వినిపిస్తుంది కదా, దాన్నే వెక్కిరింతగా పేరు చేశారు. సంస్కృతంలో కూడా బర్బరులు అని అదే అర్థంలో ఉంది.

కొన్నిటిలో పోలిక కాదు, చుట్టరికమే ఉంది. డోరా అంటే కానుక. మనం చిన్నప్పుడు టీవీలో బుజ్జిని వెంటేసుకుని తిరిగిన డోరా పేరు ఇదే. గ్రీకు దోరోన్, సంస్కృత దానం ఒకే వేరు నుంచి మొలిచాయని భాషాశాస్త్రం చెబుతుంది. జోయీ అంటే ప్రాణం. మన జీవ అనే మాటకు అది దూరపు అక్క. కాబట్టి పాపకు జోయీ అని పెట్టాలని కోడలు, సంజీవమ్మ అని పెట్టాలని అత్త కొట్లాడుకుంటుంటే, ఇద్దరూ అడిగేది ఒకటే పేరని చెప్పండి. కొట్లాట ఆగుతుందని మాత్రం నేను హామీ ఇవ్వను.

ఇవన్నీ ఇప్పుడు ఫోన్లో దిగిన పేర్లు అనుకుంటున్నారేమో. వీటిలో కొన్ని మన వైపుకి తాతల కాలంలోనే వచ్చాయి. 1853లో స్కడర్ అన్నదమ్ములు ఆర్కాటు మిషన్ పెట్టారు. చిత్తూరు జిల్లా అప్పటికి పుట్టనే లేదు, అది 1911లో ఏర్పడింది. చిత్తూరు, మదనపల్లె, పలమనేరు వైపంతా ఆ మిషన్ బడులు, ఆస్పత్రులు, చర్చిలు వెలిశాయి. వాటితో పాటే బైబిల్ పేర్లూ వచ్చాయి. బైబిల్ కొత్త నిబంధనను రాసింది గ్రీకులోనే కదా. ఊదారంగు సరుకు అమ్మిన వ్యాపారి లూదియ, తిమోతి తల్లి యునీకే, ఫీబే, క్లోయె, డోర్కా అందరూ అందులోని ఆడవాళ్లే. ఇప్పటికీ ఆ ఊళ్లలో క్రైస్తవుల ఇళ్లలో లిడియా, యునీస్ అని పిలుపు వినిపిస్తే ఎవరూ వింతగా చూడరు. పల్లెలో ఆ పేర్లకు అమ్మ, అక్క చేరిపోతాయి. 'లిడియమ్మా, నీళ్లొచ్చినాయి' అని అరిచినాక అది ఇంక గ్రీకు పేరెట్లా అవుతుంది?

వీళ్లందరిలో నాకు నచ్చింది డోర్కా. యొప్పే అనే ఊళ్లో పేదరాళ్లకు బట్టలు కుట్టి పెట్టిన మనిషి. ఆమె చనిపోతే ఆ విధవరాళ్లంతా ఆమె కుట్టిన చొక్కాలు చేతుల్లో పట్టుకుని చూపిస్తూ ఏడ్చారని కథ. ఆమెకు రెండు పేర్లు. ఇంటి భాష అరామిక్‌లో తబిత, గ్రీకులో డోర్కా. రెండిటికీ అర్థం ఒకటే, లేడి. మన హరిణి. ఒకే మనిషిని రెండు భాషల్లో ఒకే అర్థంతో పిలవడం విచిత్రంగా ఉందా? తిరుచానూరు ఆటో ఎక్కండి. అక్కడి అమ్మవారు సంస్కృతంలో పద్మావతి, అంటే పద్మం గలది. తమిళంలో అలర్ మేల్ మంగై. అలర్ అంటే విచ్చిన పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే స్త్రీ. పువ్వు మీది అమ్మ. అదే మన నోట్లో అలమేలుమంగ అయింది. అలరు అనే మాట తెలుగులోనూ ఉంది, పువ్వు అనే అర్థం. మన్మథుడిని అలరువిల్తుడు అంటారు, పూలవిల్లు వాడు. పేర్ల సైట్లు అలమేలు అంటే లక్ష్మి అని ఒక్క ముక్కతో సరిపెడతాయి. పువ్వు ఎగిరిపోతుంది. మా పేరుకు అర్థమేమీ లేదనుకునే అలమేలులు మీ వీధిలో ఉంటే ఈ ముక్క ఫార్వర్డ్ చేయండి.

మదనపల్లెలో ఇంకో గ్రీకు పేరు చరిత్రకెక్కింది. అక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్, ఐర్లండ్ నుంచి వచ్చినావిడ. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ ఆ కాలేజీకి వచ్చి ఉన్నప్పుడు జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చుకున్నాడు. సంగీతం తెలిసిన మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాసి పెట్టింది. తర్వాత ఆలిండియా విమెన్స్ కాన్ఫరెన్స్ మొదలుపెట్టిన వాళ్లలో ఈమె ముఖ్యురాలు. మార్గరెట్ అనే పేరు గ్రీకు మార్గరీతేస్ నుంచి వచ్చింది, అంటే ముత్యం.

ముత్యానికి మన పేరు తెలుసు కదా, ముత్యాలమ్మ. అయితే ఇక్కడ నగల అంగడి ముత్యం కాదు. మశూచి పొక్కులను ముత్యాలనేవాళ్లు. అమ్మవారు పోసింది అనేవాళ్లే గానీ రోగం పేరు నోటితో పలికేవాళ్లు కాదు. ఊళ్లను ఊడ్చేసే రోగాన్ని ఎదురుగా తిట్టే ధైర్యం లేక, నగ పేరు పెట్టి, వేపాకు కట్టి, అమ్మా చల్లగా చూడు తల్లీ అని మొక్కారు. మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టి రీల్ తీసుకునే మన తమ్ముళ్లకు ఇది కొత్తగా ఉండొచ్చు. మన వైపు అమ్మవారి పేర్లలో చాలావాటి వెనక పండగ కంటే ముందు ఒక భయం ఉంది, పిల్లలు పోతారనే భయం.

ఇంక అసలు పేరుకొద్దాం. కుప్పమ్మ.

మీ ఇంట్లో లేకపోతే పక్క వీధిలో ఉంటుంది. కుప్పం నుంచి సత్యవేడు దాకా ఏ ఊరికైనా పోండి, రేషన్ కార్డుల్లో, పెన్షన్ లిస్టుల్లో ఈ పేరు కనిపిస్తుంది. మనవరాలు కాలేజీలో ఫారం నింపేటప్పుడు నానమ్మ పేరు చెప్పడానికి సిగ్గుపడే పేరు ఇది. కుప్ప అంటే పెంటకుప్ప. ఇదేం పేరు, బిడ్డకు చెత్త అని పెడతారా అని అడిగితే, ఆ వయసువాళ్లు చెప్పే జవాబు ఏ ఊళ్లో అయినా దాదాపు ఒకటే: "ముందు పుట్టినోళ్లు నిలబడలేదు నాయనా. దీన్నైనా నిలబెట్టుకుందామని కుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చినారు."

సంగతేమిటంటే, వరసగా పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఈసారి పుట్టిన బిడ్డను కాసేపు కుప్ప మీద పెట్టేవాళ్లు. మాకొద్దు, పారేశాం అన్నట్టు. తర్వాత ఎవరో చూసి ఎత్తుకొచ్చినట్టు నటించి ఇంటికి తెచ్చుకునేవాళ్లు. చావు వచ్చి వెతికితే ఇది ఎవరో పారేసిన చెత్తలే అనుకుని వెళ్లిపోవాలి. ఉత్తరాంధ్రలో ఇదే పని తవుడుతో చేసేవాళ్లు. బిడ్డను ఇంకొకరికి ఇచ్చి, గుప్పెడు తవుడుకు తిరిగి కొనుక్కునేవాళ్లు. ఆ పిల్లలు తవిటయ్యలు, తవిటమ్మలు. తెలంగాణలో పెంటయ్యలు, పెంటమ్మలు. ఎక్కడైనా ఎత్తు ఒకటే, బంగారాన్ని చింకిగుడ్డలో చుట్టి దాచడం. రియా పొత్తిగుడ్డల్లో రాయిని చుట్టి ఇచ్చింది చూడండి, సరిగ్గా అదే మోసం. ఆమె మొగుడిని మోసం చేసింది, మన అవ్వల అమ్మలు యముడిని మోసం చేశారు.

ఇప్పుడు గ్రీకు పేర్ల జాబితాలో మీకు ఏ సైటూ చూపించని పేరు ఒకటి చెబుతాను. కొప్రియా. అలెగ్జాండర్ తర్వాత గ్రీకులు ఈజిప్టులో స్థిరపడ్డారు. అక్కడి ఇసుకలో వాళ్ల పాత కాగితాలు, అంటే పపైరస్ ముక్కలు, వేలకొద్దీ దొరికాయి. పన్ను లెక్కలు, పత్రాలు, ఉత్తరాలు. రోమన్ల కాలం నాటి ఆ కాగితాల్లో కొప్రియా అనే ఆడవాళ్లు, కొప్రేయుస్ అనే మగవాళ్లు కనిపిస్తారు. గ్రీకులో కొప్రియా అంటే పెంటకుప్ప. అచ్చం మన కుప్పమ్మ, మన కుప్పుసామి!

అయితే చరిత్రకారులు దీనికి రెండు దారులు చెబుతారు. కొందరు ఇది మన కుప్పమ్మ మాదిరే చావు కన్ను పడకుండా పెట్టిన పేరు అంటారు. ఇంకొందరు కాదు, వీళ్లు నిజంగానే కుప్ప మీద వదిలేసిన బిడ్డలు, ఎవరో ఎత్తుకుని పెంచుకున్నవాళ్లు అంటారు. ఆ కాలంలో అక్కడ వద్దనుకున్న బిడ్డలను కుప్పల దగ్గర వదిలేసేవాళ్లు. వాళ్లలో ఆడబిడ్డలుండేవాళ్లని చెప్పడానికి ఒక ఉత్తరం మిగిలింది. క్రీస్తు పూర్వం 1వ సంవత్సరంలో హిలారియన్ అనే కూలి మనిషి పనికోసం అలెగ్జాండ్రియా పోయి, కడుపుతో ఉన్న భార్య ఆలిస్‌కు రాశాడు. నన్ను మర్చిపోతావేమో అన్నావట, నిన్నెట్లా మర్చిపోతాను అని ప్రేమగానే రాశాడు. కూలి అందగానే డబ్బు పంపిస్తానన్నాడు. ఆ మాటల పక్కనే, కాన్పయ్యాక మగపిల్లవాడైతే ఉంచు, ఆడపిల్లైతే పారేయి అని కూడా రాశాడు. కోపం లేదు, కసి లేదు, కూరగాయల లిస్టు చెప్పినట్టు చెప్పాడు. ఆలిస్‌కు ఏ బిడ్డ పుట్టిందో, ఏం చేసిందో చెప్పే కాగితం దొరకలేదు.

రెండు వేల ఏళ్ల కిందటి మాటలే అనుకోవద్దు. తిరుపతిలో ఏ స్కానింగ్ సెంటర్‌కి పోయినా గోడ మీద ఒక బోర్డు ఉంటుంది, కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరం అని. 1994 చట్టం అది. అంత చట్టం ఎందుకు కావలసి వచ్చిందో హిలారియన్ ఉత్తరం చదివితే తెలుస్తుంది. పేర్లలోనూ ఆ మాట ఉంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా మన చిత్తూరు జిల్లాలోదే, ఆ తర్వాత మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఆ తిరుత్తణి పక్క కొన్ని పల్లెల్లో వరసగా ఆడపిల్లలు పుడితే చివరి పిల్లకు 'వేండాం' అని పేరు పెట్టేవాళ్లు. తమిళంలో వద్దు అని. అట్లా పిలిస్తే తర్వాత మగపిల్లవాడు పుడతాడని నమ్మకం. 2019లో ఈ పేరు పత్రికల్లోకి కూడా వచ్చింది. మహారాష్ట్ర సతారాలో అదే పేరు 'నకుసా', వద్దనుకున్నది అని. అక్కడ 2011 అక్టోబరులో జిల్లా అధికారులు సభ పెట్టి 285 మంది ఆడపిల్లలకు కొత్త పేర్లు పెట్టించారు. ఐశ్వర్య అనో, ఇంకేదో, వాళ్లకు నచ్చిన పేరు.

కుప్పమ్మ, వేండాం. మీనింగ్ గడిలో రాస్తే రెండూ ఒకే రకం, రెండూ వినడానికి బాగోవు. కానీ ఒకటి ఎట్లాగైనా బతకాలి తల్లీ అని పెట్టిన పేరు. ఇంకొకటి నువ్వెందుకు వచ్చావు అని పెట్టిన పేరు. మొదటిది మోసే ముసలామె తలెత్తుకుని చెప్పుకోవచ్చు. రెండోది మోసే పిల్ల బడిలో హాజరు పిలిచినప్పుడల్లా 'వద్దు' అనిపించుకుని, ఉన్నాను అని జవాబు చెప్పాలి. ఇంత తేడాను ఏ పేర్ల యాప్ చూపిస్తుంది? పిల్లకు ఐరీన్ అని ముద్దుగా పెట్టి, ముగ్గురూ ఆడపిల్లలేనా అని చుట్టాలు నిట్టూరుస్తుంటే ఊరుకునే ఇల్లు కూడా నేను చూశాను. అక్కడ ఆ పేరుకు శాంతి అని అర్థం ఎట్లా చెబుతాం?

వెంగమ్మ అనే పేరును కూడా ఇట్లాగే నామోషీగా చూస్తారు కొందరు. వాయల్పాడు దగ్గర తరిగొండలో 1730లో పుట్టిన వెంగమాంబ చిన్న వయసులోనే భర్త పోయినా, వద్దన్నవాళ్లను లెక్కచేయకుండా పద్యాలు, యక్షగానాలు రాసి, తిరుమల కొండ మీద స్థిరపడిపోయింది. ఇప్పుడు కొండకు పోయిన ప్రతివాడూ ఆమె పేరున్న అన్నప్రసాద భవనంలో అన్నం తిని వస్తున్నాడు. ఇంత పెద్ద పేరును ఫోన్లో 'వెంగీ' అని సేవ్ చేసుకోవడం మన పని. మునెమ్మ సంగతీ అంతే. మన జిల్లా డాక్టర్ కేశవరెడ్డి ఒక నవలకు ఆ పేరే పెట్టాడు. చదివాక మునెమ్మ అనే పేరు విని నవ్వడం కష్టం.

కాబట్టి గ్రీకు పేరు పెట్టాలని ఉంటే పెట్టండి. మెలిస్సా పెట్టండి, క్లోయీ పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. ఆఫీసు పని మాత్రం చూసుకోండి. పేరు తేలలేదని ఆస్పత్రిలోనే గాబరాపడి ఏదో ఒకటి రాయించేయొద్దు. పుట్టుక నమోదు మాత్రం టైంకి చేయించండి, పేరు గడి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. నమోదైన నాటి నుంచి 12 నెలల్లోపు పేరును ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆలస్య రుసుము కడితే 15 ఏళ్ల దాకా వీలుంటుంది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. అందుకని స్పెల్లింగ్ ఒక్కటే ఉండేటట్టు చూడండి. న్యూమరాలజీ ఆయన చెప్పాడని సర్టిఫికెట్‌లో ఒక 'ఎ', ఆధార్‌లో రెండు 'ఎ'లు, పదో తరగతి మెమోలో మూడు పెట్టుకుంటే, ఆ పిల్ల పెద్దయ్యాక ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు మిమ్మల్నే తిట్టుకుంటుంది. ఇష్టంలేని పేరు మోస్తున్న పెద్దవాళ్లు అఫిడవిట్, పేపర్ ప్రకటన, గెజిట్ దారిలో మార్చుకోవచ్చు. వేండాం లాంటి పేరైతే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

కుప్పమ్మ అయితే మార్చేముందు ఒక్కసారి ఆమెను అడగండి. నీకు ముందు ఎంతమంది పుట్టారు, కుప్ప మీద నుంచి ఎత్తుకొచ్చింది ఎవరు అని. ఆ ఎత్తుకొచ్చిన మనిషి పేరు ఆమెకు గుర్తుంటే, అది ఏ జాబితాలోనూ దొరకని పేరు. వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పెట్టుకోండి.

వచ్చే వారం మగపిల్లల వంతు. తిరుపతి బస్టాండులో నిలబడి 'ఒరే మునీ' అని ఒక్క కేక వేస్తే ఎంతమంది తిరిగి చూస్తారో, ఎందుకు చూస్తారో చెప్పుకుందాం. మీ ఇంట్లో మునిరత్నం, మునిరాజు, మునస్వామి ఎవరున్నా, ఆ పేరు ఎట్లా వచ్చిందో కనుక్కుని మెసేజ్ పెట్టండి.